డాక్టరుగారి పదిహేడు పేజీలు

పద్దెనిమిదో సంబంధం కోసం పళ్ళ డాక్టరు పది నిమిషాలు ముందే వచ్చి, కాఫీ షాపులో కిటికీ పక్క బల్ల పట్టాడు.

ఇదీ కుదరకపోతే ఇక తనవల్ల కాదని మేనత్త తెగేసి చెప్పింది.

లైబ్రేరియన్ వచ్చి ఎదురుగా కూర్చుంది. ముందు మెనూ చూసి, ఆ తర్వాత అతన్ని చూసింది. అక్కడికక్కడే ఒక మార్కు కోసేశాడు.

"చాలా సంబంధాలు చూశారటగా?" అంది.

"చూడ్డమేమిటండీ, నా దగ్గర అందరి వివరాలూ ఉన్నాయి!" అంటూ ఫోన్లో నోట్స్ యాప్ తెరిచాడు.

ఒక్కో అమ్మాయికి ఒక్కో పేజీ; తనకీ, మేనత్తకీ కూడా. పేజీ పైన గడులు: ఉద్యోగం, ఎత్తు, లోపం, తెచ్చినవారు. గడిలో మరో పేజీ పేరు రాస్తే రెండిటికీ లింకు పడుతుంది. ఏం కావాలో అడిగితే చాలు, ఆ లింకులు పట్టుకుని పట్టిక వచ్చేస్తుంది.

"మా మేనత్త తెచ్చినవి అడుగుతున్నా, చూడండి."

ఆరు వరుసలొచ్చాయి.

"ఈవిడ నవ్విందంటే అన్నీ చిగుళ్ళే. ఈ టీచరమ్మ ముందు నేను చేతులు కట్టుకోవాలేమో అనిపించింది. ఈ ఇంజనీరు కేకుముక్కని స్కేలు పెట్టి గీసినట్టు కోసింది. ఇక ఈ మహాతల్లి! నా క్లినిక్‌కొచ్చి, కుర్చీ రంగు బాలేదంది."

"అయ్యో, ఎన్ని కష్టాలు పడ్డారండీ!"

"ఒక్కరైనా నా కంటికి ఆనితేగా!"

ఆమె పకపకా నవ్వింది. అతను అలవాటుగా పళ్ళు లెక్కపెట్టాడు. పలువరుసలో వంక పెట్టడానికేమీ లేదు. ఆమె పేజీలో లోపం గడి ఖాళీగా వదిలేయాల్సి వస్తుందేమో!

"మాదీ ఇదే పనండీ" అందామె. "పుస్తకానికీ రచయితకీ లింకులు పెడతాం. నేనొకటి అడిగి చూడనా?"

"ఒకటేం ఖర్మ, పది అడగండి" అని ఫోన్ చేతికిచ్చాడు.

ఆమె ఒక అమ్మాయి పేజీ తెరిచి కిందిదాకా జరిపింది.

"ఈ గడి చూపించలేదేం? 'వద్దన్నది ఎవరు'. ఇందులో మీ పేజీకి లింకున్న వాళ్ళందర్నీ అడుగుతా. అంటే, మీరు కాదన్నవాళ్ళు."

"ఇప్పుడవన్నీ ఎందుకులెండి, కాఫీ చల్లారిపోతోంది."

"ఒక్క నిమిషం" అంటూ ఆమె వేలితో నొక్కింది.

పదిహేడుమంది పేజీలూ గాలించి తెరుచుకున్న ఆ పట్టికలో ఒక్క పేరూ లేదు.