దుప్పటికి అవతలి కొస

"అంచు కలవలేదు. విప్పు."

అతను నిట్టూర్చి దుప్పటి మళ్ళీ విప్పాడు.

ఆసుపత్రి లాండ్రీలో దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో వైపు కొసలు పట్టుకుని, లాగి, దులిపి, ఒకరికెదురుగా ఒకరు నడిచి రావాలి. అతనికి ఎదురుగా వచ్చే మనిషి ఒక పెద్దావిడ. అంచులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఊరుకోదు. చాటుగా అందరూ ఆమెను రూళ్ళకర్ర అంటారు. ముఖం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"రోగులు పడుకునేదే కదమ్మా. మడత ఎవరు చూస్తారు?"

"పడుకున్నవాడు చూస్తాడు. వాడికి పైకప్పూ దుప్పటీ తప్ప చూడ్డానికి ఇంకేముంది? పట్టు."

ఆవిరికి ఒళ్ళు ఉడికిపోయేది. సాయంత్రానికి భుజాలు లాగేసేవి. అతనికి ఆ అలసటే కావాలి. అలసిపోతేనే కాస్త నిద్ర పడుతుంది.

ఆదివారం ఇద్దరూ ఒకే చర్చికి వెళ్ళేవారు. ఒకే వెనక బెంచీ. ప్రభు భోజనపు రొట్టె పళ్ళెం వచ్చినప్పుడల్లా అతను ముట్టుకోకుండా పక్కకు జరిపేసేవాడు. రూళ్ళకర్ర కంట్లో అది పడకుండా ఉంటుందా?

"ఏమయ్యా, దేవుడితో తగాదానా?" అంది ఒకరోజు, దుప్పటి దులుపుతూ.

"నాతోనే నాకు తగాదా అమ్మా."

ఆమె కొసలు పట్టుకుని అలాగే నిలబడింది. అతను చెప్పేశాడు. లారీ నడిపే రోజులు. తాగి బండెక్కడం. వాన. ఈ ఊరి రోడ్డు మీదే, సైకిల్ మీద కాలేజీ కుర్రాడు. ఆపకుండా పారిపోవడం. జైలు.

"ప్రభువు కాళ్ళ మీద పడింది జైల్లోనే. బయటికి రాగానే ఆ కుర్రాడి ఊరు వెళ్ళాను. ఇంటికి తాళం. తల్లి ఎటో వెళ్ళిపోయిందన్నారు. ఆవిడ కోర్టుకి కూడా రాలేదమ్మా, ముఖం ఎలా ఉంటుందో తెలీదు. కుర్రాడి పేరొక్కటే తెలుసు. రోజూ పడుకునే ముందు ఆ పేరు చెప్పుకుని ప్రార్థన చేసుకుంటా. ఆ తల్లి కాళ్ళు పట్టుకోవాలి. క్షమించానని ఆవిడ అనేదాకా రొట్టె ముట్టను."

"ఏం పేరు?"

చెప్పాడు.

కొసలు ఆమె చేతుల్లోంచి జారి దుప్పటి తడి నేల మీద పడింది.

"మళ్ళీ ఉతకాలి" అని మాత్రం అంది.

పక్క బల్ల దగ్గరివాళ్ళు కూడా విన్నారు. మర్నాటికి సంగతి లాండ్రీ అంతా పాకింది. భోజనాల దగ్గర అతని పక్కన కూర్చునేవాళ్ళు లేకుండా పోయారు. రూళ్ళకర్ర కూడా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, "నన్ను ఇంకెవరితోనైనా వెయ్యండి" అని అడిగింది.

అందరిలాగే ఈవిడా అనుకున్నాడు అతను. కోపం రాలేదు. ఒకరి మీద కోపం తెచ్చుకునే హక్కు తనకు లేదని ఎప్పుడో తేల్చుకున్నాడు.

ఒక్కడే మడతపెట్టేవాడు. ఒక్కడే పెడితే అవతలి కొసలు నేలకు రాసుకుంటాయి. తిట్లు తిన్నాడు. ఇలాగైతే ఇంటికి పొమ్మన్నాడు సూపర్‌వైజర్.

ఆ పూట అవతలి కొసలను ఎవరో అందుకున్నారు. తలెత్తి చూశాడు. ఆమే. బాగా చిక్కిపోయింది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"నిద్ర పట్టట్లేదు. పట్టు నాయనా."

ఆమె నోట నాయనా అనే మాట రావడం అదే మొదలు. అతను కొసలు పట్టి లాగాడు.

ఆ ఆదివారం పళ్ళెం వచ్చింది. అతను జరపబోయాడు. ఆమె తన రొట్టె ముక్క తుంచి సగం అతని అరచేతిలో పెట్టింది.

"తిను. ఆ తల్లి క్షమించింది."

ఓదార్పు మాటలు విని విని విసిగిపోయి ఉన్నాడు అతను.

"ఆ మాట అనడానికి మీరెవరమ్మా? అనాల్సింది ఆవిడ."

ఆమె ఏదో చెప్పబోయింది. అంతలోనే తల దించుకుని, "నాకు ఇంతవరకే చేతనైంది నాయనా" అంది.

అతను రొట్టె తినలేదు. పారేయడానికీ మనసొప్పలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఆమె పనికి రాలేదు. ఆ వారమంతా మంచం మీదే ఉండి, కన్ను మూసింది. నా అన్నవాళ్ళెవరూ రాలేదు. లాండ్రీవాళ్ళే పెట్టె మోశారు. ఉన్న ఒక్క మంచి చొక్కా వేసుకుని అతనూ ఒక కొస పట్టాడు.

"ఈ చోటే కావాలని ముందే అడిగి పెట్టుకుంది" అన్నాడు పాస్టరు, గోతి పక్కన నిలబడి. "ఈ పక్క సమాధి కోసమే ఉన్న ఊరు వదిలి వచ్చింది పాపం."

పక్క సమాధి అంచులు రూళ్ళకర్ర పెట్టి గీసినట్టున్నాయి. ఊడ్చే మనిషి మంచాన పడ్డాక రాలిన ఆకులు పేరును కప్పేశాయి.

పిడికెడు మట్టి వేయడానికి అతను వంగాడు. జేబులో ఎండిన రొట్టె ముక్క గుండెకు గుచ్చుకుంది. పక్క సమాధి మీద చెత్త ఉంటే ఆమెకు గిట్టదు కదా అనుకుని, చేత్తో ఆ ఆకులు పక్కకు నెట్టాడు.

రాయి మీద ఉన్నది, రోజూ పడుకునే ముందు తను చెప్పుకునే పేరు.