వీలునామాకు నెలవారీ చందా

హలో, అందరికీ వినబడుతున్నానా? కాస్త కోపంగా ఉన్నాను, ఏమీ అనుకోకండి.

ఇప్పుడు వీలునామాను కంప్యూటర్‌లో ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో రాస్తేనే చెల్లుతోంది కదా. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒకేసారి కొనేసుకోమని నేనెంత మొత్తుకున్నా మా బావ అప్పన్న వినలేదు, నెలనెలా చందాయే కట్టాడు. మనిషి పోయాడు, చందా ఆగిపోయింది, వీలునామాకు తాళం పడింది. పెంచుకున్న కూతురు పైడితల్లికి ఇల్లు రాసింది అందులోనే. దత్తత కాగితాలు లేవు.

పెద్దకర్మనాడు చందా కట్టి తెరవబోతే సాఫ్ట్‌వేర్ చందాదారు ముఖం చూపించమంది. పైడితల్లి దండ వేసిన ఫొటోను కెమెరా ముందు పెట్టింది.

"దండ తీసేయండి" అంది సాఫ్ట్‌వేర్.

ఆ పిల్ల ఏడుస్తూనే తీసింది.

"నమస్కారం అప్పన్న గారూ! ఇప్పుడొకసారి నవ్వండి."

"నవ్వమంటావేటి! మా అయ్య సచ్చిపోయి పదకొండ్రోజులైపోనాది!"

"నవ్వకపోతే చందా కొనసాగదండీ."

బావ తమ్ముడు సన్యాసి లేచాడు. "వీలునామా లేదు కదా, ఇంకేటి? నీ బట్టలు సర్దుకో."

పోయాక తెరవాల్సిన వీలునామాకు పోయినవాడి నవ్వు కావాలా? పైడితల్లి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మీవాళ్లలో చందా కట్టేవాళ్లకు, బతికుండగానే, ఈ వాయిస్ మెసేజ్ పంపండి.