ఇవ్వని టవల్

"ఇల్లు అమ్మేస్తున్నారా ఆంటీ?" తలుపు తీస్తూనే అడిగింది పర్సిస్.

భర్త పోయాక, ఇక జపాన్‌లోనే ఉండిపోతానని వెళ్ళిన పక్కింటి మిచికో నెలకే అమెరికాలోని నోవైకి తిరిగొచ్చింది. చేతిలో కాగితం చుట్టిన కొత్త టవల్.

"లేదు. ఇక్కడే ఉంటాను."

"అదేంటి? అక్కడ మీ సొంతూరు కదా!"

"కొత్తగా దిగినవాళ్ళు ఇరుగుపొరుగుకి టవల్ ఇవ్వడం మా ఆచారం. అక్కడ ఎదురింటావిడకి ఇచ్చి, అమెరికా నుంచి వచ్చానన్నాను. 'మా భాష భలే నేర్చుకున్నారే!' అని మెచ్చుకుంది."

పర్సిస్ నవ్వబోయి ఆగిపోయింది.

"మిగతావి ఇంకెవరికీ ఇవ్వలేకపోయాను. ఇది తీసుకో."

"నాకెందుకు ఆంటీ? మీరేం కొత్తగా రాలేదు కదా."

"ముప్పై ఏళ్ళ కిందట దిగినప్పుడు ఈ వీధిలో ఎవరికీ ఇవ్వలేదమ్మా. మూడేళ్ళలో వెళ్ళిపోయేవాళ్ళమే కదా అనుకున్నాం."