ఎదురు బాల్కనీ ఆవిడ

హలో, అందరూ కులాసాయేనా? చిన్న కథ చెబుతాను, కాస్త ఇటు చెవి పారేయండి. నచ్చితే మీవాళ్ళకి పంపండి. ఆ మాట ముందే అడిగేస్తున్నా, చివర్లో నాకు సందు దొరకదు మరి.

"కప్పు రెండు వేళ్ళతో పట్టుకోవే. చిటికెన వేలు గాల్లో ఉండాలి," అన్నాడు కండక్టరు.

"నాకు తెలుసులెండి. ఎదురింటావిణ్ణి చూసి ఎప్పుడో నేర్చుకున్నా," అంది భార్య.

దర్జా అంటే ఆ ఊళ్ళో ఎవరైనా ముందు చెప్పేది ఆ వీధి పేరే. ఆ వీధిలో, మూడో అంతస్తు బాల్కనీలో కూర్చున్నారు ఇద్దరూ. ఇల్లు వాళ్ళది కాదు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. ఆవిడ ఇరవై ఏళ్ళు ఆఫీసులు ఊడ్చిన మనిషి. ఫ్లాట్లు అమ్ముడుపోక కిటికీలన్నీ చీకటిగా ఉంటే కొనేవాళ్ళు జడుసుకుంటున్నారని, వాటిని కట్టిన కంపెనీ మేనేజరు వీళ్ళని పెట్టుకున్నాడు. నాలుగింటి నుంచి ఏడింటిదాకా సొంతదారుల్లా కూర్చోవాలి, అంతే పని. బట్టలు కంపెనీవి. కప్పులో టీ ఉండదు. సంగతి వీధిలో ఎవరికి తెలిసినా ఆ రోజే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు మొదటిరోజే చెప్పాడు.

కండక్టరుకి బెదురు లేదు. ముప్పై ఏళ్ళు కిక్కిరిసిన బస్సులో నిలబడ్డవాడికి కూర్చోవడానికి జీతమిస్తే చేదా అనేవాడు, కాలు మీద కాలేసుకుని.

భార్యకైతే ఎదురింటావిడే గురువు. ఆ భవంతి వేరే కంపెనీ వాళ్ళది. ఆవిడ కప్పు ఎత్తేది, దించేది, గంటలు గడిచినా టీ అయ్యేది కాదు. వాళ్ళాయన సాయంత్రమంతా పేపర్లో ఒకే పేజీ చదివేవాడు.

"కలిగినవాళ్ళు, వాళ్ళకేం తొందర," అని ఈవిడ మురిసిపోయేది. ఆవిడ శాలువా ఎడమ భుజానికి మారిస్తే ఈవిడా మార్చేది.

ఆ రోజు కింద మేనేజరు ఎవరో షావుకారుకి వీధి చూపిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఈవిడ కంటికి బాల్కనీ కమ్మీ మీద దుమ్ము కనబడింది. ఇరవై ఏళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? శాలువా అంచుతో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తుడిచేసింది. తలెత్తేసరికి ఎదురింటావిడ కళ్ళప్పగించి చూస్తోంది. చూసి చూసి లేచింది. తన శాలువా అంచు తీసి, తన కమ్మీ కూడా అలాగే తుడిచింది.

ఈవిడ గబుక్కున కుర్చీలో కూలబడింది.

"వెక్కిరించిందండీ. నా బతుకు కనిపెట్టేసింది. రేపు మేనేజరుకి చెబితే మన పని అయిపోయినట్టే."

కండక్టరు మొదటిసారి కాలు మీంచి కాలు తీశాడు. అయినా గొంతు తగ్గించలేదు.

"టిక్కెట్టు లేనివాడు తల దించుకుంటేనే దొరుకుతాడే. నువ్వు తలెత్తి కూర్చో."

కూర్చుంది. కింద షావుకారు పైకి చూసి, ఇలాంటివాళ్ళ పక్కనే ఉండాలయ్యా అన్నాడట మేనేజరుతో. ఆ మాట మోసుకొచ్చిన వాచ్‌మన్‌కి కండక్టరు రాజాలా తల పంకించాడు.

ఏడయింది. రోజూ అయితే వెనక గేటు నుంచి దిగి ఏడుంబావు బస్సు అందుకునేవాళ్ళు. ఆ పూట భార్య కదల్లేదు. టిఫిన్ డబ్బాతో పోతూ ఆవిడ కంట పడితే, ఉన్న కాస్త అనుమానమూ తీరిపోతుందని భయం. ఎదురు బాల్కనీలో దీపం ఆరాకే వెళ్దామంది. అది ఏడున్నరకి ఆరింది. కంపెనీ బట్టలు విప్పి కొక్కేనికి తగిలించి, సొంతవి వేసుకుని, గబగబా స్టాపుకి నడిచారు.

స్టాపులో ఎదురింటావిడ, చంకలో టిఫిన్ డబ్బాతో, బస్సు కోసం నిలబడి ఉంది.