మూడో ప్రకటన

“రేపు మూడోది కూడా చదివెయ్యమంటావా, ఈసారీ నీకు జ్వరమొస్తదా?”

పాస్టరు ఆమోసు అయ్యగారు కళ్లజోడు తుడుచుకుంటూ అడిగిన తీరుకి స్టీఫెన్ తలెత్తలేకపోయాడు. పటమటలోని ఆ చర్చిలో పెళ్లి కుదిరినవాళ్ల పేర్లు వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈలోపే చెప్పుకోవాలి. స్టీఫెన్ పేరు ఇదివరకు ఇద్దరమ్మాయిల పేర్ల పక్కన రెండేసి వారాలు వినబడి, మూడో వారం మాయమైపోయింది. రెండుసార్లూ అభ్యంతరం చెప్పింది సాక్షాత్తూ పెళ్లికొడుకే. ఇప్పుడు డయానా పేరు పక్కన కూడా రెండు వారాలైపోయాయి. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. నెమ్మదస్తుడు, సబ్‌స్టేషన్లో ఉద్యోగం, వక్కపొడి అలవాటైనా లేదు. ఎవరైనా మరీ దగ్గరికొస్తే మాత్రం ఊపిరాడదు.

“ఆపెయ్యండయ్యగారూ. నావల్ల కాదు,” అన్నాడు.

“డయానాకి చెప్పావా?”

“మీరు చెబుతారేమోనని...”

“బాగుందయ్యా! పారిపోవడం నీ వంతు, ఆడపిల్ల తల్లి చేత తిట్లు తినడం నా వంతూనా? ఈసారి నువ్వే ఎదురుగా కూర్చుని చెప్పు. ఎందుకు వద్దో కూడా చెప్పు. అప్పుడు ఆపుతా.”

డయానాది చల్లపల్లి. బెజవాడలో ఓ ఆసుపత్రిలో నర్సు, ఉండేది లేడీస్ హాస్టల్లో. అలాంటి అమ్మాయి దొరకడం తన అదృష్టమని స్టీఫెన్‌కి తెలుసు. ఈ ఎనిమిది నెలల్లో “ఫోనెందుకు చెయ్యలేదు?” అని ఒక్కసారి కూడా నిలదీయలేదు. అతను వారం రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నా, ఎనిమిదో రోజు “బాగున్నారా అండీ?” అని నవ్వుతూ పలకరించేది. మునుపటి అమ్మాయిలు అలిగారు, ఏడ్చారు, మనసులో ఏముందో చెప్పమని ప్రాణం తీశారు. డయానా ఏదీ అడగదు. తన కోసం ఎంత ఓర్చుకుంటోందో అనుకునేవాడు. అంత మంచి మనిషిని కూడా వదులుకోబోతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి భవానీపురంలో కృష్ణ ఒడ్డుకి వచ్చింది డయానా. మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నారు.

“ఏదో చెప్పాలన్నారు?”

వద్దు అన్న మాట రెండక్షరాలే. అయ్యగారు ఎందుకో కూడా చెప్పమన్నారు కాబట్టి స్టీఫెన్ అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు.

“ఆరేళ్లప్పుడు నాన్న పోయాడండీ. అమ్మ నన్ను హాస్టల్లో వేసి ఆయా పనికెళ్లింది. శనివారం వస్తాననేది. పొద్దున్నే తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడేవాణ్ణి. ఆమెకి సెలవు దొరికేది కాదు. నెలకోసారి వచ్చిందంటే గొప్ప.”

“పాపం.”

“ఓ శనివారం నుంచి గేటు దగ్గరికెళ్లడం మానేశా. తర్వాత అమ్మ వచ్చినా బయటికి రాలేదు. మంచం కింద దూరి, ఆమె పిలుస్తుంటే వింటా పడుకున్నా. ఎదురుచూడకపోతే ఏడుపు రాదని తెలిసిపోయిందన్నమాట. ఇప్పటికీ ఎవరైనా నాకోసం వస్తున్నారంటే ఆ మంచం కిందికే పోవాలనిపిస్తది.”

ఇరవై ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పని మాట బయటపడేసరికి స్టీఫెన్‌కి సిగ్గుపడటానికి కూడా వ్యవధి లేకుండా కన్నీళ్లొచ్చాయి.

“పెళ్లి ఆపించేద్దామనే వచ్చా. ఇప్పుడు నోరు రావట్లేదు. నువ్వు కావాలి డయానా. రోజూ కావాలి. నువ్వు ఫోన్ ఎత్తకపోతే పోట్లాడాలని ఉంది. నీ సంగతులన్నీ వినాలని ఉంది.”

ఎనిమిది నెలలుగా వాళ్ల మధ్య నడుస్తున్న ‘మీరు’ ఎక్కడ జారిపోయిందో అతను గమనించుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. డయానా నది వైపు ముఖం తిప్పుకుంది. కన్నీళ్లు కనబడకుండా దాచుకుంటోందనుకున్నాడు.

“మీరిలా మాట్లాడతారనుకోలేదండీ,” అంది.

“నేను మాత్రం అనుకున్నానా!”

“హాస్టల్లో పనుంది. వెళ్తాను.”

ఆటో ఎక్కించి, మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. అక్కణ్ణుంచే అయ్యగారికి ఫోన్ చేశాడు. “చదవండయ్యగారూ! గట్టిగా చదవండి!”

ఆదివారం పొద్దున తల్లి తెరేసమ్మ పక్కన కూర్చుని కాఫీ తాగాడు. “పెళ్లయ్యాక నువ్వు మా దగ్గరే ఉండాలమ్మా,” అన్నాడు. కొడుకు చిన్నప్పటి నుంచి ఒక్క మాట కోసం మొహం వాచిపోయిన ఆ తల్లి, అతని తలమీద చెయ్యేసి నిమిరింది.

చర్చిలో ఎప్పుడూ తలుపు పక్కన నిలబడేవాడు ముందు వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు డయానా కనబడలేదు. డ్యూటీ మారిందేమో అనుకున్నాడు. పాటయింది, ప్రసంగమయింది. అయ్యగారు ప్రకటనల కాగితం తీశారు. యేసుబాబు, వినీల పేర్లు చదివారు. కాగితం మడిచి పెట్టేశారు.

జనమంతా స్టీఫెన్ వైపు తిరిగారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరాధన ముగియగానే తెరేసమ్మ ఆడవాళ్లను తోసుకుంటూ వచ్చి కొడుకు చొక్కా పట్టుకుంది. “మళ్లీనా అయ్యా? పొద్దున్న నాతో అన్న మాటలన్నీ ఉత్తవేనా?”

“నేను ఆపలేదమ్మా! ప్రమాణంగా ఆపలేదు!”

ఆమె నమ్మలేదు. స్టీఫెన్ ఆమెను అక్కడే వదిలి అయ్యగారి గదిలోకి పరిగెత్తాడు.

“చదవమన్నాను కదయ్యగారూ! చెవిటోడికి చెప్పినట్టు చెప్పాను కదా!”

అయ్యగారు లేచి తలుపు దగ్గరగా వేసి, అతని భుజాల మీద రెండు చేతులూ వేశారు.

“నిన్న నీ ఫోనయ్యాక డయానా వచ్చి, ‘ఏదీ అడగకుండా దూరంగా ఉండే మనిషనే ఒప్పుకున్నానండీ, ఆపెయ్యండి’ అని ఏడ్చింది.”