ఫోటో కింద పేరు

“పోస్టరుకు ఒక రేటు, క్యాలెండరుకు ఇంకొక రేటు. పూర్తి హక్కులు మాత్రం ఎంతిచ్చినా ఇయ్యను,” అన్నాడు లక్ష్మీపతి, మదనపల్లెలోని ఘని ప్రెస్సులో బల్ల ముందు కూర్చుంటూ. “బెంగుళూరోళ్లకు ఆ మాట నువ్వే చెప్పల్ల.”

ఘని సిరా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అతని వంక వింతగా చూశాడు.

అది 1999 జులై నెల. ఆగస్టులో రానున్న సూర్యగ్రహణమంటే జనంలో ఉన్న భయం పోగొట్టడానికి బెంగుళూరులోని ఒక విజ్ఞాన సంస్థ ఘని ప్రెస్సులో పోస్టరు అచ్చువేయించదలచి, నాలుగేండ్ల నాటి ఒక ఛాయాచిత్రాన్ని కోరింది. పుంగనూరులో దానిని ఎరుగనివారు లేరు. 1995 దీపావళి మరునాటి ఉదయం, గ్రహణం పట్టిన వేళ, మనిషి జాడ లేని బజారు వీధి. కాలిన టపాకాయల కాగితాల నడుమ, కానుగ చెట్టు నీడలో, నేలంతా పరచుకున్న వందలాది నెలవంకలు. ఆకుల మధ్య ఒక్కొక్క సందూ సూదిబెజ్జం కెమెరాలా పనిచేసి, కొరికినట్టున్న సూర్యుణ్ణి నేలమీద అచ్చువేసింది.

ఆ ఛాయాచిత్రం వెనుక లక్ష్మీపతి స్టూడియో ముద్ర ఉంది. బడులవాళ్లు అతన్ని పిలిపించి ఆ వైనం పిల్లలకు చెప్పించేవారు. పెండ్లి ఆల్బములతో గడిచిపోతున్న బతుకులో తన పేరు నిలబెట్టేది అదొక్కటేనని అతని నమ్మకం. ఆ పేరును ఒక్కసారైనా అచ్చులో చూసుకోవాలి.

“ఆ పొద్దు మా ఈదిలో కుక్క గూడా బయటికి రాలేదప్పా,” అన్నాడు ఘని.

“శాస్త్రం తెలిసినోనికి భయం యాల?”

“అది సరే. ఇప్పుడొచ్చి రేటు చెప్తాండావేంది? ఒప్పుకోలు కాగితం పోయిన వారమే వచ్చేసింది గదా.”

ఘని సొరుగులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఒక ఏడాది వరకే. తెలుగు, కన్నడ పోస్టర్లకు మాత్రమే. మరి దేనికి వాడినా మళ్లీ అనుమతి తీసుకోవాలి. తీసినవారి పేరు కింద వేయాలి. అన్నీ లక్ష్మీపతి ఇంట్లో పదిమార్లు వల్లించిన షరతులే. సంతకం మాత్రం అతని భార్యది. ‘ఎం. యమున’ అని గుండ్రంగా ఉంది.

“నువ్వు కుప్పంలో పెండ్లికి పోయినప్పుడు ఆ సంస్థాయన పుంగనూరికి వచ్చినాడంట. నీ ఇంటామె గదా, నీకు తెలిసే ఇచ్చిందనుకుంటి. నీకన్నా గట్టిదప్పా, వాళ్లు ఇస్తామన్నదాని మీద వెయ్యి ఎక్కువే అడిగింది,” అని ఘని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగాడు. “ఫోటో కింద పేరు గూడా ఆమెదే. అచ్చు సగం అయిపోయింది.”

తిరుగు బస్సులో లక్ష్మీపతికి కిటికీ బయట ఏమీ కనిపించలేదు. కెమెరాలో రీలు ఎక్కించడం మొదలు డార్కురూములో కడగడం దాకా యమునకు వేలు పట్టి నేర్పినవాడు తాను. ఆ వేళ్లతోనే ఆమె సంతకం పెట్టింది. అదీ తాను ఊళ్లో లేని పూట చూసుకొని.

యమున స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోల అంచులు కత్తిరిస్తూ కూర్చుని ఉంది.

“ఘని దగ్గరికి పోయొచ్చినా,” అన్నాడు.

“పొద్దున ఇస్త్రీ చొక్కా ఏసుకున్నప్పుడే అనుకుంటి.”

“నెగటివ్ తీసిచ్చేదానికి చెయ్యెట్లొచ్చింది నీకు?”

“నీ షరతులన్నీ రాయించే ఇచ్చినా. ఒక్కటీ ఇడిసిపెట్టలే.”

“మరి పేరు?”

“పేరు లేకుండా ఫోటో ఇయ్యగూడదని చెప్పింది నువ్వే గదా.”

“ఎగతాళిగా ఉండాదా? నాలుగేండ్లుగా బడిపిల్లోల్ల ముందర నిలబడింది నేను. రేపు పోస్టరు గోడకెక్కితే ఊళ్లో తలెత్తుకోని తిరగల్లా లేదా? బయటోడు మోసం చేసుంటే కోర్టుకు పోయుందును. నీమీద యాడికి పోదును?”

యమున కత్తెర కింద పెట్టింది.

“రేపు నాతో మదనపల్లెకు రా. పొరపాటున సంతకం పెట్టినానని రాసియ్యి.”

“రేపటిదాకా యాల? ఇప్పుడే పెడతా సంతకం.” ఆమె లేచి, తెల్లకాగితం, కలం అతని ముందు పెట్టింది. “నువ్వయితే బాగా రాస్తావు. ఆ ఫోటో నువ్వు ఎన్ని గంటలకు తీసినావో, యాడ నిలబడి తీసినావో అంతా రాయి. కింద నేను సంతకం పెడతా.”

లక్ష్మీపతి కలం అందుకొని, కాగితం పైన ఆ గ్రహణం నాటి తేదీ పొందికగా వేశాడు. దాని కింద ‘ఉదయం’ అని రాశాడు. అక్కడ కలం ఆగింది. యమున మళ్లీ కత్తెర చేతికి తీసుకుంది.

ఆ ఉదయం గ్రహణం విడిచేదాకా లక్ష్మీపతి ఇంటి గడప దాటలేదు.