ఇంటాయనకు ఆకు టీ

"శ్లాబు కారి, కుట్టడానికిచ్చిన బట్టలన్నీ పాడవుతున్నాయి బాబాయిగారూ," అంటే ఇంటాయన గుమ్మంలో గొడుగు దులిపి నవ్వాడు. "ఏదీ, నేల మీద ఒక్క చుక్క చూపించు, రేపే మేస్త్రీని పంపిస్తా!"

బయట వాన దంచికొడుతోంది. కుట్టుమిషన్ పక్కకు లాగి, అక్కడ ఆయనకు కుర్చీ వేసి, ముందు స్టూలు పెట్టాను. గ్లాసులో ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి ఇచ్చాను.

ఒక గుక్క తాగి గ్లాసు స్టూలు మీద పెట్టాడు. "ఇదమ్మా టీ అంటే! పొడి టీ తాగేవాళ్లవి నాలుకలా, చెప్పుల అట్టలా?"

ఉపన్యాసం మొదలెడితే ఆయనకు కళ్లు మూసుకునే అలవాటు. మంచి ఆకును ఎలా ఎంచాలో అరగంట చెప్పాడు. కళ్లు తెరిచినప్పుడల్లా ఒక గుక్క వేశాడు.

"చూశావా, పోనుపోను ఘాటు తగ్గి ఎంత తేలికైందో! మేలురకం ఆకు లక్షణమే అది. నేను కళ్లు మూసినప్పుడల్లా గ్లాసు నింపుతూనే ఉన్నావు, మర్యాద తెలిసిన పిల్లవి. మరి ఇంతసేపు కూర్చున్నానా, నేల తడిసిందా?"

"తడవలేదు బాబాయిగారూ," అన్నాను. "కానీ నేను ఒక్కసారే పోశాను. మిగతాదంతా మీ శ్లాబే పోసింది."